ముందు బూటు, చివర్న స్నోషూ

బెంగళూరులో మా బెళ్లందూరు ఫ్లాట్‌లో హాలు గోడకి ఒక జత స్నోషూలు వేలాడుతుంటాయి. మెత్తటి మంచులో కాలు దిగిపోకుండా బూటు కింద కట్టుకునేవి. తేనెరంగు చెక్క చట్రం, లోపల పచ్చితోలు అల్లిక, వెనక పొడవాటి తోక. ఇంటికొచ్చినవాళ్లలో సగంమంది "పాతకాలపు టెన్నిస్ బ్యాట్లా?" అని అడుగుతారు. వాళ్ల తప్పేం లేదు, ఫ్రెంచి భాషలో వీటి పేరు కూడా రాకెట్టే.

మొన్న మా మేనల్లుడు వాటి కింద నిలబడి ఫోన్ నా చేతికిచ్చాడు. వాణ్ని ఆఫీసువాళ్లు రెండేళ్లపాటు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రానికి, డులూత్ ఊరికి పంపుతున్నారు. "మావయ్యా, అన్నీ కార్ట్‌లో పెట్టేశా. ఒకసారి చూడు." చూశాను. మొదట నాలుగడుగుల సంప్రదాయ స్నోషూలు, అచ్చం గోడమీద ఉన్నలాంటివే. తర్వాత వాటికి బకిల్స్ ఉన్న తోలు పట్టీలు. చివర్న బూట్లు: బిగుసుకుపోయిన గట్టి సోలు, అంచు తేలిన మడమ, వాడి పాదానికి సరిగ్గా సరిపోయే సైజు.

"మూడూ మంచివేరా. కానీ ఒకదానికొకటి పొసగవు," అన్నాను.

వాడికి అర్థం కాలేదు. నాకూ మొదట్లో కాలేదు. ఉద్యోగం మీద ఆ ఊళ్లో మూడు చలికాలాలు గడిపాను. మొదటి చలికాలంలో నేను చేసిన తప్పులే ఆ కార్ట్‌లో వరసగా కనిపించాయి. స్నోషూ అందంగా ఉంటుంది కాబట్టి చెయ్యి ముందు దానిమీదకే పోతుంది. కొనాల్సింది మాత్రం తలకిందుల వరసలో. ముందు బూటు, ఆ బూటుని పట్టుకునే పట్టీ, ఆ తర్వాతే చట్రం.

ఎందుకో చెప్పాలంటే ముందు మంచు సంగతి చెప్పాలి. గోదావరి పక్క పుట్టినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. దమ్ము చేసిన మడిలో కాలు పెడితే పిక్కదాకా దిగుతుంది. దిగడం పెద్ద కష్టం కాదు, ప్రతి అడుగుకీ కాలు పైకి లాక్కోవడం కష్టం. పది నిమిషాల్లో తొడలు పట్టేస్తాయి. అదే మడిలో చదును చేసే పలక మీద మనిషి ఎక్కి నిలబడినా పలక దిగదు, తేలుతూ పోతుంది. బరువు అదే, అది పరుచుకున్న వైశాల్యం వేరు.

లెక్క వేసి చూద్దాం. సంచీ, బట్టలతో కలిపి 85 కిలోల మనిషి. బూటు అడుగు సుమారు 300 చదరపు సెంటీమీటర్లు. ఒంటికాలి మీద బరువు పడినప్పుడు చదరపు సెంటీమీటరుకి దాదాపు 280 గ్రాములు. 14 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు ఉన్న తోక స్నోషూ వైశాల్యం సుమారు 2,700 చదరపు సెంటీమీటర్లు. ఒత్తిడి తొమ్మిదో వంతుకి, 31 గ్రాములకి, పడిపోయింది. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా కనిపించే అల్యూమినియం స్నోషూ, 8 అంగుళాలకి 25 అంగుళాలది, సుమారు 1,100 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. దాని మీద 77 గ్రాములు. నలిగిన బాటలో అది చాలు. ఎవరూ అడుగుపెట్టని పొడిమంచులో దాంతో మోకాలిదాకా దిగిపోతాం.

అయితే మంచు అన్నిచోట్లా ఒకటి కాదు. ఘనపు మీటరు నీళ్లు వెయ్యి కిలోలుంటే, కడు చలిలో అప్పుడే రాలిన పొడిమంచు 50 నుంచి 100 కిలోలే. మిగతాదంతా గాలి. అదే మంచుని గాలి కొట్టి గట్టిపరిస్తే 300 కిలోలు దాటుతుంది. అందుకే "ఎంత బరువుకి ఎంత సైజు" అని దుకాణాల్లో వేలాడదీసే పట్టికని నేను సగమే నమ్ముతాను. అందులో మనిషి బరువు ఉంటుంది, మంచు సంగతి ఉండదు. ఇంకో మాట, స్నోషూ వేసుకుంటే మంచు మీద తేలిపోతామనుకుంటారు. తేలం. కొత్త పొడిమంచులో ఎంత పెద్దది వేసుకున్నా జానెడు దిగుతుంది. నడుందాకా దిగాల్సినది జానెడుతో ఆగడమే లాభం.

బూటు

డులూత్‌కి ఉత్తరాన ఈలీ, టవర్ లాంటి చిన్న ఊళ్లున్నాయి. టవర్ దగ్గర 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీలు నమోదైంది. అది ఆ రాష్ట్రం రికార్డు. రోజూ అంత ఉండదు కానీ జనవరిలో తెల్లవారుజామున మైనస్ 25 అంటే అక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. స్నోషూ విరిగితే అవస్థపడి వెనక్కి రావచ్చు. కాలివేళ్లు గడ్డకడితే అది వేరే కథ. బూటు ముందు అనడానికి మొదటి కారణం ఇదే.

నా మొదటి బూట్లు సరిగ్గా పాదం సైజువి. చలి కదా అని వాటిలో రెండు జతల ఉన్ని మేజోళ్లు తొడిగాను. గంటలో బొటనవేలు కొయ్యముక్క అయిపోయింది. మేజోళ్లు ఎక్కువైనకొద్దీ వెచ్చదనం ఎక్కువనుకున్నాను. జరిగింది దానికి వ్యతిరేకం. వెచ్చగా ఉంచేది ఉన్ని కాదు, ఉన్నిలో చిక్కుకున్న గాలి. బిగుతు బూటు ఆ గాలిని పిండేస్తుంది, దాంతోపాటు వేళ్లకి రక్తం పోకుండా నొక్కేస్తుంది. మందం మేజోళ్లు వేసుకున్నాక కూడా వేళ్లముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, లోపల వేళ్లు ఆడాలి. మామూలు సైజుకి ఒకటి, ఒక్కోసారి రెండు ఎక్కువ తీసుకోవాలి. షాపులో వదులుగా అనిపిస్తే సిగ్గుపడక్కర్లేదు.

రెండో శత్రువు చెమట. స్నోషూతో నడక చాలా శ్రమ, మైనస్ 20లో కూడా పాదాలు చెమరుస్తాయి. ఆ తడి లోపలి ఉన్నిలో చేరి సాయంత్రానికి మంచవుతుంది. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, తడిని బయటికి పోనిచ్చే బూటు. అక్కడి ఆదివాసులు తరతరాలుగా వేసుకుంటున్న మక్‌లక్ అలాంటిదే. అడుగున మూస్ అనే పెద్ద జింక తోలు, పైన గుడ్డ, లోపల విడిగా తీసి ఆరబెట్టుకునే ఫెల్ట్ లైనరు, అంటే ఒత్తిన ఉన్ని తొడుగు. చేతిలోకి తీసుకుంటే ఇది బూటా, ఉన్నిసంచీనా అనిపిస్తుంది, అంత తేలిక, అంత మెత్తన. రెండోది, చెమటని ఉన్నిదాకా పోనివ్వకుండా అడ్డుకునేది. కొరియా యుద్ధం నాటి అమెరికా సైన్యపు బూట్లలో ఉన్నిని రెండు రబ్బరు పొరల మధ్య సీలు చేసేశారు. పాదం తడిగానే ఉంటుంది కానీ ఉన్ని పొడిగా ఉంటుంది. దీనికి పేదవాడి మార్గం కూడా ఉంది. పల్చటి మేజోడు, దానిమీద బ్రెడ్డు వచ్చే ప్లాస్టిక్ కవరు, దానిమీద మందం మేజోడు. నవ్వొస్తుంది కానీ పనిచేస్తుంది.

మక్‌లక్‌కి ఒక లోపం ఉంది. తడి మంచుకి అది పనికిరాదు. సున్నా డిగ్రీల దగ్గర, మంచు కరుగుతూ ఉన్నప్పుడు, తోలు స్పంజిలా పీల్చేస్తుంది. అలాంటి రోజులకి అడుగు రబ్బరు, పైన తోలు, లోపల ఫెల్ట్ లైనరు ఉన్న బూట్లు కావాలి. కెనడాలోనూ అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ ఎవరింటి గుమ్మంలో చూసినా అవే. మైనస్ 10 కంటే కింద పొడిచలి అయితే మక్‌లక్, పైన అయితే రబ్బరుది. నేను పెట్టుకున్న గీత అది. పెట్టె మీద రాసే "మైనస్ 40 దాకా" లాంటి అంకెల్ని పెద్దగా పట్టించుకోను. నడిచేవాడికీ, చేపల కోసం గడ్డకట్టిన చెరువు మీద నాలుగు గంటలు కూర్చునేవాడికీ ఒకే అంకె ఎలా సరిపోతుంది?

ఇక మావాడి గట్టి సోలు బూటు. సంప్రదాయ స్నోషూలో పాదం కింద ఉండేది పచ్చితోలు అల్లిక, ఇనుము కాదు. మడమ అంచు తేలిన బూటు ప్రతి అడుగుకీ అదే చోట తోలుని కోస్తూ ఉంటుంది. నాది రెండో నెలలో పాదం కింద ఒక తాడు తెగింది. ఒకటి తెగితే చుట్టూ ఉన్నవి వదులవుతాయి. మన నులక మంచం సంగతి తెలిసిందే, నడిమిన ఒక పేట తెగితే మర్నాటికి మంచం ఊయల అవుతుంది. మక్‌లక్‌కి మడమే లేదు. అల్లిక మీద మెత్తగా కూర్చుంటుంది. ఆ స్నోషూ ఆ బూటు కోసం పుట్టింది, ఆ బూటు ఆ స్నోషూ కోసం.

లాంతరు వత్తి, లారీ ట్యూబు

ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది పట్టీల్ని. నడక మొత్తం ఉన్నది మాత్రం అక్కడే.

స్నోషూని దగ్గరగా చూస్తే పాదం ముందుభాగం వచ్చేచోట అల్లిక లేకుండా ఒక కన్నం ఉంటుంది. దాని వెనక అంచున అన్నిటికంటే మందమైన తాడు, అడ్డంగా ఉంటుంది. పాదం ముందు మెత్త ఆ తాడుమీద ఆనుతుంది. మడమ ఎత్తినప్పుడు వేళ్లు ఆ కన్నంలోంచి కిందకి దిగుతాయి, తలుపు బందులా పాదం తిరుగుతుంది. చట్రంలో వెనక భాగం బరువు ఎక్కువ కాబట్టి కాలెత్తగానే ముందుకొస లేస్తుంది, తోక మంచు మీద ఈడుస్తూ వస్తుంది. అంటే స్నోషూ మొత్తాన్ని మనం ఎత్తడం లేదు, లాగుతున్నాం. జత రెండు మూడు కిలోలున్నా కాళ్లు తట్టుకునేది దీనివల్లే. కాలికి కట్టిన ఒక కిలో వీపు మీద నాలుగైదు కిలోలతో సమానం అంటారు, ఒకసారి నడిస్తే నమ్ముతారు.

పట్టీ పని ఇంతే: పాదాన్ని పక్కలకి జారనివ్వకూడదు, ముందుకి జారనివ్వకూడదు, మడమని మాత్రం స్వేచ్ఛగా లేవనివ్వాలి. ముందుకి జారితే వేళ్లు కన్నం ముందున్న చెక్కకి కొట్టుకుంటాయి, ముందుకొస లేవదు, మంచులోకి ముక్కు గుచ్చుకుని మనిషి బోర్లాపడతాడు. లోతు మంచులో పడ్డాక చెయ్యి ఆన్చి లేద్దామంటే చెయ్యి భుజందాకా దిగిపోతుంది. ఆన్చడానికి నేలే లేదు.

తోలు పట్టీలు చూడ్డానికి హుందాగా ఉంటాయి. తడిస్తే సాగుతాయి, ఆపై గడ్డకడితే రేకులా బిగుస్తాయి. బకిల్ తియ్యడానికి చేతి తొడుగు విప్పాలి. మైనస్ 25లో ఉత్త వేళ్లతో ఇనుము పట్టుకోవడం ఒకసారి చేసినవాడు రెండోసారి చెయ్యడు. పాతకాలం వాళ్లు ఎక్కువగా వాడినది లాంపు వత్తి. అవును, మన ఇళ్లలో కిరసనాయిలు లాంతరులో వేసే బద్ద వత్తే, కాకపోతే ఇంకొంచెం వెడల్పుది. నేత నూలు పట్టీ. ఒక్కో కాలికి రెండు మీటర్ల దాకా పడుతుంది. కన్నానికి రెండు పక్కలా అల్లికలోంచి దూర్చి, వేళ్ల మీదుగా తీసి, మెలివేసి, మడమ వెనక చుట్టి ముడి వేస్తారు. చవక, మెత్తన, ఇనుము లేదు. ఇంకో గొప్ప గుణం ఉంది. సరిగ్గా కడితే, కాలు మెలితిప్పి చెయ్యి పెట్టకుండానే బయటికి లాగెయ్యొచ్చు. గడ్డకట్టిన చెరువు దాటుతున్నప్పుడు మంచుగడ్డ విరిగితే, కాళ్లకి కట్టిన మూడడుగుల పలకలతో నీళ్లలో ఈదలేం. ప్రాణం ఆ ముడి మీద ఆధారపడుతుంది.

నాకు నచ్చినది మాత్రం మూడోది, ట్యూబు పట్టీ. లారీ టైరు లోపలి ట్యూబుని అడ్డంగా కోస్తే ఒక వెడల్పాటి రబ్బరు వలయం వస్తుంది. అందులో వేళ్లు బయటికొచ్చేందుకు ఒక చీలిక కోసి, పక్కల అల్లికకి తాడుతో కట్టేస్తే అయిపోయింది. బూటు వేళ్లని దూర్చి, వెనక భాగాన్ని మడమ మీదకి లాగితే చాలు. ముడి లేదు, బకిల్ లేదు, తొడుగు విప్పక్కర్లేదు. మరీ కడు చలిలో రబ్బరు బిగుసుకుంటుంది, ఆ రోజుల్లో వత్తే నయం. మా వీధి చివర పంక్చర్ షాపుకి మేనల్లుణ్ని తీసుకెళ్లాను. ఇప్పుడన్నీ ట్యూబులెస్ కాబట్టి పాత ట్యూబు దొరకడానికి కాసేపు వెతకాల్సి వచ్చింది. "దేనికి సార్?" అని అడిగాడతను. చెప్పాను. నమ్మినట్టు లేడు గానీ, కోసి ఇచ్చాడు, డబ్బులు వద్దన్నాడు.

చట్రం

ఇప్పుడు గోడమీద అందం దగ్గరికి వద్దాం. ఇది చాలా పాత వస్తువు. ఆల్ప్స్ పర్వతాల్లో ఒక హిమానీనదం దగ్గర 2003లో దొరికిన భూర్జ చెక్క స్నోషూ క్రీస్తు పూర్వం 3800-3700 నాటిదని తేలింది. అయితే దీన్ని ఒక కళ స్థాయికి తీసుకుపోయింది ఉత్తర అమెరికా ఆదివాసులు. క్రీ, ఓజిబ్వే, హ్యూరన్ వెండాట్ లాంటి జాతులు. ఒక్కొక్కరి అడవి ఒక్కోలా ఉంది కాబట్టి ఒక్కొక్కరి చట్రం ఒక్కోలా వచ్చింది. ఆకారాన్ని చూసి ఇష్టపడటం కాదు, అది ఏ నేల కోసం పుట్టిందో చూసుకోవాలి.

హ్యూరన్ రకం కన్నీటిచుక్క ఆకారంలో ఉంటుంది, ముందు గుండ్రం, వెనక తోక. తోక చుక్కానిలా పనిచేసి స్నోషూని తిన్నగా నడిపిస్తుంది. ఒక మోస్తరు అడవి బాటలకి మంచిది. ఓజిబ్వే రకం రెండు చివరలా కోసుగా, పడవలా ఉంటుంది. పైకి వంగిన మొన మంచుని చీల్చుకుంటూ పోతుంది. గడ్డకట్టిన చెరువుల మీద, స్లెడ్ (మంచు మీద జారే బండి) లాక్కుంటూ మైళ్లకొద్దీ తిన్నగా పోవడానికి ఇంతకు మించినది లేదు. 10 అంగుళాలకి 48, 11కి 54, 12కి 60, ఇలా పొడుగ్గా వస్తాయి. అలాస్కా రకం ఇంకా సన్నం, ఇంకా పొడుగు, బయలు నేలలకి. ఎలుగు పంజా రకం తోక లేకుండా, కోడిగుడ్డులా గుండ్రంగా ఉంటుంది. దట్టమైన పొదల్లో, నిలబడ్డచోటే తిరగాల్సినప్పుడు అదే దిక్కు, ఎందుకంటే నాలుగడుగుల తోకతో వెనక్కి తిరగడమంటే ఇరుకు సందులో లారీని తిప్పినట్టే. వెనక్కి అడుగు వేస్తే తోక మంచులో గుచ్చుకుంటుంది, మనం కూర్చుంటాం.

అల్లికలో కూడా తేడా ఉంది. పొడిమంచు ఇసుకలా జారిపోయేది కాబట్టి దానికి చిన్న కళ్ల సన్నని అల్లిక కావాలి. తడి మంచు అయితే చిన్న కళ్లలో ఇరుక్కుని ముద్ద కడుతుంది, పెద్ద కళ్లుండాలి. తోలు బదులు నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు పట్టీతో అల్లినవి కూడా వస్తున్నాయి. తడికి అవి సాగవు, ఎలుకలు కొరకవు. పచ్చితోలు అంటే ఎలుకలకి పులిహోర. మావాడికి నేను నియోప్రీనే చెప్పాను, నావి తోలువైనా సరే.

చట్రాలకి ఎక్కువగా వాడేది యాష్ చెట్టు చెక్క. ఆవిరిపట్టి వంచితే విరగకుండా వంగి, ఆరాక అలాగే నిలబడుతుంది. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఒక ఆకుపచ్చ పెంకుపురుగు ఇప్పటికి కోట్ల యాష్ చెట్లని చంపింది. మంచి చెక్క దొరకడం స్నోషూలు చేసేవాళ్లకి ఏటికేడాది కష్టమవుతోంది. వాడినవి కొంటే ముందు వంపుల దగ్గర చెక్కలో పగులు చూడాలి, తర్వాత పాదం పెట్టేచోట అల్లికని బొటనవేలితో గట్టిగా నొక్కాలి. అది డప్పు చర్మంలా ఎదురు తన్నాలి. గోడకి అలంకారంగా ముప్పై ఏళ్లు వేలాడినవి చాలావరకు నడవడానికి పనికిరావు.

డప్పు అంటే గుర్తొచ్చింది. వానాకాలంలో డప్పుని మంట దగ్గర కాచి మోగిస్తారు కదా, పచ్చితోలు తేమ పీల్చి వదులవుతుంది కాబట్టి. ఇదీ అంతే. బెంగళూరు జులై వానలకి నా స్నోషూల అల్లిక కొంచెం సడలుతుంది, ఫిబ్రవరి ఎండకి మళ్లీ బిగుస్తుంది. అందుకే రెండేళ్లకోసారి వార్నిష్ వేస్తాను. మిన్నెసోటాలో పొడిచలికి తోలు బిగువుగానే ఉంటుంది, అక్కడ గండం మార్చి నెల తడిమంచుతో. చెరువుల మీద ఇంకో చిక్కుంది. మంచు బరువుకి గడ్డ కుంగి, పగుళ్లలోంచి నీళ్లు పైకొచ్చి మంచు కింద బురదలా నిలుస్తాయి. పైకి ఏమీ కనపడదు. అందులో అడుగుపెడితే అల్లిక తడిసి, బయటికి తియ్యగానే ఐసు కట్టి, ఒక్కో కాలు పచ్చడి బండ అంత బరువవుతుంది. ఆగి కర్రతో కొట్టి రాల్చుకోవడమే.

ఇదంతా చదివి, డిసెంబరులో హిమాలయాల్లో కేదార్‌కంఠ ట్రెక్కుకి పోతూ స్నోషూ కొందామనుకునే బెంగళూరు మిత్రులకి ఒక మాట: వద్దు. ఆ బాట వందలమంది నడిచి నలిపేసింది, పైగా ఏటవాలు. సంప్రదాయ స్నోషూకి అడుగున పళ్లుండవు, గట్టిపడిన వాలు మీద అది జారుడుబల్ల. అక్కడ బూటుకి తగిలించే ఇనుప పళ్ల మైక్రోస్పైక్స్, మంచు బూట్లో పడకుండా పిక్కలకి చుట్టే గెయిటర్లు చాలు, చాలా ట్రెక్ సంస్థలు అవి ఇస్తాయి. బూటు సైజు గురించి, చెమట గురించి చెప్పింది మాత్రం అక్కడా వర్తిస్తుంది.

మేనల్లుడి కార్ట్ ఇప్పుడు ఇలా ఉంది. రబ్బరు అడుగు బూట్లు, ఒక సైజు పెద్దవి, రెండు లైనర్లతో. మక్‌లక్‌లు అక్కడికి వెళ్లాక పాదం కొలిచి కొనుక్కుంటాడు. పంక్చర్ షాపు ట్యూబు సూట్‌కేసులో. చట్రం సంగతి మొదటి మంచు పడి, వాడు నడిచేది అడవిలోనా చెరువు మీదా అన్నది తేలాక. అప్పటిదాకా అద్దెవి దొరుకుతాయి.

నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక అపార్ట్‌మెంట్ వాలీబాల్ కోర్టు ఇసుకలో వాడికి నావి కట్టి నడిపించాను. ఇసుక అల్లికకి మంచిది కాదు, అందుకే ఇరవై అడుగులే అన్నాను. వాచ్‌మన్ టార్చి వేసి "ఏన్ సార్ ఇదు?" అని అడిగి, సమాధానం వినకుండానే నవ్వుకుంటూ గేటు దగ్గరికి పోయాడు. మావాడు మొదటి నాలుగు అడుగుల్లో రెండుసార్లు ఒక స్నోషూ మీద ఇంకోటి తొక్కి ఆగిపోయాడు. కాళ్లు దూరం పెట్టి గుర్రం ఎక్కినవాడిలా నడవాలనుకున్నాడు. అలా కాదు, ఎత్తిన దాన్ని రెండోదాని అంచు మీదుగా తేల్చి ముందుకి వెయ్యమన్నాను. పదో అడుగుకి పట్టుబడింది.

ఆఖర్న టార్చి వేసి వెనక్కి చూశాం. ఎడమ తోక గీసిన గీత ఇసుకలో తిన్నగా ఉంది. కుడిది అడుగడుక్కీ బయటికి వంకర తిరిగింది. "ఎందుకు మావయ్యా?" అన్నాడు. వంగి కుడి పట్టీ చూశాను. మడమ వెనక వదులైంది, పాదం వేలెడు పక్కకి జరిగి కూర్చుంది. విప్పి మళ్లీ కట్టుకోమన్నాను, ఈసారి తొడుగులు వేసుకుని.